చూపునకు దొరకిన కొలబద్ద

చిక్కబళ్ళాపురము జిల్లాలోని బాగేపల్లి, చింతామణి తాలూకాల పల్లెలలో ఇంటి భాష తెలుగు, బడి భాష కన్నడము, సంతలో బేరమాడు భాష రెంటి కలగలుపు. కైవార తాతయ్య తత్త్వములు పాడుకొను ఈ సీమలో, చిత్రావతిపై ఆనకట్ట గల పరగోడు మొదలుకొని ఏ యూరికి పోయినను, రెండేండ్లు నిండియు పలుకని బిడ్డను గూర్చి ఇంటి పెద్దలు చెప్పు సమాధానములు ఇంచుమించుగా నొక్కటే. "మగపిల్లోనికి మాటలు లేటుగానే వస్తాయి" అని అవ్వ యనును. "వాళ్ళ నాయనా అంతే, మూడేండ్లకు గానీ నోరు తెరవలేదు" అని మేనత్త సాక్ష్యము పలుకును. "ఇంట్లో తెలుగు, అంగన్‌వాడీలో కన్నడం, పిల్లోడు తికమక పడతా ఉండాడు" అని చదువుకొన్న పొరుగువాడు కారణమును సైతము చూపును. ఈ మాటలు బొత్తిగా కొట్టివేయదగినవి కావు. ఆలస్యముగా నోరు తెరచి, పిదప అందరివలెనే గలగల మాటలాడు పిల్లలు ప్రతి యూరిలోను గలరు. అయితే మాట రాని బిడ్డలందరును ఒక్క తీరున మౌనముగా నుండరు. ఒకడు అమ్మ గడ్డము పట్టి తనవైపు త్రిప్పుకొనును. వీధిలో పోవు ట్రాక్టరును వ్రేలితో చూపి, చూపిన పిదప ఆమె చూచినదో లేదో యని మరల ఆమె ముఖము వంక తిరుగును. వేరొకడు అదే ట్రాక్టరు చక్రము తిరుగుటను తదేకముగా చూచుచుండును గాని ఆ సంతోషమును పంచుకొనుటకు ప్రక్కవారి ముఖమును వెదకడు. పేరు పెట్టి పిలిచిన తిరుగడు. దప్పికైనచో అమ్మ చేతిని పట్టుకొని పోయి నీళ్ళ బిందె మీద నుంచును. ఈ రెండవ మౌనమును గుర్తెరుగుట వైద్యుని మొదటి పని. అది యెంత, దినదినమునకు తగ్గుచున్నదా పెరుగుచున్నదా యని కొలుచుట రెండవ పని. మొదటిదానికి తగినంత అనుభవము లోకమునకు వచ్చినది. రెండవదానికి నమ్మదగిన కొలబద్ద యింకను పూర్తిగా చేతికి రాలేదు.

1943వ సంవత్సరమున అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ అను శిశు మనోవైద్యుడు 11 మంది పిల్లల వృత్తాంతములను విస్తారముగా వ్రాసి ప్రకటించిన నాటనుండి నేటివరకు ఆటిజమును నిర్ణయించు పద్ధతి మూలమున మారలేదనియే చెప్పవలెను. తెలిసిన వైద్యుడు బిడ్డతో నేలపై కూర్చుండి ఆడును, చూచును, తల్లిదండ్రులను అడుగును, తన యనుభవముతో సరిపోల్చుకొని తీర్పు చెప్పును. మలేరియాకు నెత్తుటిలో క్రిమి కనబడును. మధుమేహమునకు చక్కెర యంకె దొరకును. ఆటిజమునకు అట్టి దేదియు లేదు. ఒక్క జన్యువు చెడుటచే గలుగునదియు గాక, వందలకొలది జన్యువుల చిన్న పెద్ద భేదములు గర్భస్థ దశలోనే మెదడు పెరుగు తీరును మార్చుటచే గలుగు అనేక స్థితులకు మనము పెట్టుకొన్న ఒక్క పేరిది. అట్లని అపురూపమైనదియు గాదు. హైదరాబాదుతో సహా దేశములోని ఐదు ప్రాంతములలో, 2 నుండి 9 ఏండ్ల వయసు గల 3,964 మంది పిల్లలను పరీక్షించి ఇన్‌క్లెన్ సంస్థవారు 2018లో ప్రకటించిన పరిశోధన ప్రకారము నూటికి సుమారు ఒక బిడ్డ ఆటిజము గలవాడు. ఈ లెక్కను మన తాలూకాలకు వర్తింపజేసి చూచుకొన్నచో, ఒక పెద్ద ప్రాథమిక పాఠశాలలో ఒకరో ఇద్దరో యుందురన్నమాట. వారిని 'మొండివాడు' అనియు, 'మూగది' అనియు మనము పిలుచుకొనుచుండుటచే లెక్కకు రాకుండ పోవుచున్నారు.

తెలుగువారి గడ్డమీదనే పుట్టిన కొలబద్ద యొకటి కలదు. దానిని గూర్చి మన పత్రికలు తగినంతగా వ్రాయలేదు. సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో 1984లో వెలసిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ, నేడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అని వ్యవహరింపబడునది, ఈ శతాబ్దపు తొలి దశకమున భారతీయ పిల్లలకై ఒక మాపనమును సిద్ధపరచెను. ఐ.ఎస్.ఏ.ఏ. అను పొడియక్షరములతో ప్రసిద్ధమైన ఆ పత్రమున 40 అంశములు ఆరు విభాగములుగా నుండును. వానిలో మొదటి విభాగమున సాంఘిక సంబంధములకు చెందిన తొమ్మిదంశములు గలవు: కండ్లలోనికి చూచుట, చిరునవ్వునకు చిరునవ్వు, ఒంటరి ఆట, తన వంతు వచ్చువరకు ఆగుట, తోటి పిల్లలతో చెలిమి మున్నగునవి. ప్రతి యంశమునకును ఒకటి నుండి ఐదు వరకు అంకె వేయవలెను. కాలములో నూటికి ఇరువది పాళ్ళలోపు ఆ లక్షణము కనబడినచో ఒకటి, ఎనుబది పాళ్ళు మించినచో ఐదు. మొత్తము 70 కంటె తక్కువయైనచో ఆటిజము లేదందురు. 70 నుండి 106 వరకు స్వల్పము, 107 నుండి 153 వరకు మధ్యమము, ఆ పైన తీవ్రము. వికలాంగుల హక్కుల చట్టము 2016లో ఆటిజమును గుర్తించిన పిదప ధ్రువపత్రమునకు ఈ యంకెయే ఆధారమగుచున్నది. పింఛను, పరీక్షలలో అదనపు సమయము మున్నగునవి అన్నియు ఆ ధ్రువపత్రము చుట్టును తిరుగుచున్నవి.

ఆ యంకె యెట్లు పుట్టుచున్నదో కొంచెము దగ్గరగా చూడవలెను. పరీక్షకురాలు తల్లిని అడుగును: "అమ్మా, పలకరిస్తే బాబు కళ్ళలోకి చూస్తాడా?" తల్లి కాసేపాలోచించి, "చూస్తాడు మేడమ్, చేతిలో బిస్కెట్టుంటే చూస్తాడు" అనును. "బిస్కెట్టు లేకుంటే?" "అప్పుడు చూడడు. అట్లని ఎప్పుడూ చూడడని కాదు, స్నానం పోసేటప్పుడు చూస్తాడు, పాట పాడితే చూస్తాడు." "పదిసార్లు పిలిస్తే ఎన్నిసార్లు చూస్తాడనుకుంటారు?" ఇక్కడ ఆ తల్లి మౌనము వహించును. ఇన్నేండ్లుగా ఆమె తన కొడుకు చూపులను లెక్కబెట్టుకొని యుండలేదు. లెక్కబెట్టుటకు ఆమెకు తీరికయు లేదు. టమాటా తోటకు కూలికి పోవుచు, రాత్రి వంటచేయు నడుమ చూచినదానిని ఇప్పుడు పాళ్ళలోనికి మార్చవలెను. చివరకు "సగం" అనును, పరీక్షకురాలు మూడు వేయును. అదే ప్రశ్నకు తండ్రి వచ్చినచో "బాగానే చూస్తాడండీ" అని రెండు వేయించును. అవ్వ వచ్చినచో ప్రశ్ననే తోసిపుచ్చును. ఇట్టి నలువది అంకెలు కూడగా వచ్చిన మొత్తమునందు బిడ్డ స్వభావమెంత, తల్లి యలసట యెంత, పరీక్షకురాలి యోపిక యెంత యని వేరుచేయు సాధనము లేదు. ఈ మాపనమును తక్కువ చేయుట నా యభిప్రాయము గాదు. ఖరీదైన విదేశీ పరీక్షలు అందని దేశమున, ఏ యంత్రమును లేకుండ, తల్లి భాషలో అడుగ వీలైన పత్రమును మనవారు నిర్మించుట గొప్ప విషయము. అమెరికాలో ఎడ్గర్ డాల్ 1935లో రూపొందించిన సాంఘిక ప్రౌఢత మాపనమును నాగపురమున మాలిన్ గారు భారతీయులకై మార్చి యిచ్చిన పిదప, బిడ్డ తానుగా అన్నము తినునా, చొక్కా తొడుగుకొనునా, అంగడికి పోయివచ్చునా యని అడుగు సంప్రదాయము మన ఆసుపత్రులలో స్థిరపడియే యున్నది. కాని తీర్పు చెప్పుటకు చాలిన సాధనము, మార్పును పసిగట్టుటకు చాలకపోవచ్చును.

ఈ లోపము ఎంతటిదో 2021లో వెలువడిన ఒక ఔషధ పరీక్ష స్పష్టముగా చూపినది. ప్రసవ సమయమున, పాలిచ్చునపుడు తల్లి శరీరమున ఊరు ఆక్సిటోసిన్ అను హార్మోను మమతాబంధములకు సంబంధించినదని జంతు పరిశోధనలవలన తెలిసి, దానిని ముక్కులో పిచికారి చేసినచో ఆటిజము గల పిల్లలు ఇతరులతో మెలగుట మెరుగుపడునని పెక్కేండ్లుగా ఆశ యుండెను. 3 నుండి 17 ఏండ్ల వయసు గల 290 మందిలో సగము మందికి మందును, సగము మందికి మందులేని పిచికారిని 24 వారములు ఇచ్చిరి. ఎవరికేది యిచ్చిరో తల్లిదండ్రులకు తెలియదు. పిల్లలు మనుషులకు దూరముగా నుండు స్వభావమును తల్లిదండ్రులే ఒక ప్రశ్నావళిపై అంకె వేసిరి. మందు వాడినవారిలో ఆ యంకె సగటున 3.7 తగ్గెను, మందులేని పిచికారి వాడినవారిలో 3.5 తగ్గెను. మందు పనిచేయలేదని తేలినది. ఆ తీర్పునకు తిరుగు లేదు. నన్ను ఆలోచింపజేసిన అంకె రెండవది. వట్టి పిచికారికి మూడున్నర అంకెల మేలు ఎక్కడనుండి వచ్చినది? పిల్లలు ఆరు నెలలు పెరిగిరి గనుక కొంత. ఎవరో తమ బిడ్డను గూర్చి శ్రద్ధగా అడుగుచున్నారన్న ధైర్యముచే తల్లుల చూపు మారినది గనుక కొంత. ఏది యెంతయో ప్రశ్నావళి చెప్పజాలదు. ఒకవేళ ఆ 290 మందిలో ఏ ముప్పది మందికో మందు నిజముగా మేలుచేసి యుండినను, ఆ మేలు ఈ కదలిక క్రింద మునిగిపోయి యుండును. అందుచే శాస్త్రజ్ఞులు ఒకరి యభిప్రాయముపై ఆధారపడని, ఆశకు లొంగని, మరల కొలిచినను అదే చెప్పు సూచికను వెదకుచున్నారు. శరీరములో దొరకినచో దానిని జీవసూచిక యనియు, నడవడిలో దొరకినచో ప్రవర్తనా సూచిక యనియు అనుకొందము.

మొదట నెత్తుటిలో వెదకిరి. 1961లోనే షైన్, ఫ్రీడ్‌మన్ అను నిరువురు ఆటిజము గల కొందరి రక్తమున సెరటోనిన్ అధికముగా నున్నదని చూపిరి. అరువదేండ్ల తరువాతను ఆ మాట నిలిచియే యున్నది, కాని నాలుగింట నొకరికి మాత్రమే అట్లుండుటయు, ఆ యాధిక్యమునకును బిడ్డ యితరులతో మెలగు తీరునకును ముడి దొరకకపోవుటయు చేత అది వైద్యునకు అక్కరకు రాలేదు. నెత్తురు కథ యింతటితో చాలును.

చూపు కథ వేరు. మనుష్యశిశువు పుట్టిన గంటలలోనే ముఖమువంటి ఆకారమువైపు కన్ను త్రిప్పును; ఆ చూపే తరువాత భాషకును, అనుకరణకును, చెలిమికిని ద్వారమగును. కనుపాపపై కంటికి కనబడని పరారుణ కాంతిని ప్రసరింపజేసి, అది ప్రతిఫలించు తీరునుబట్టి బిడ్డ తెరమీద ఏ బిందువును ఎంతసేపు చూచెనో సెకండులో వందలసార్లు వ్రాసికొను కెమెరాలు ఇప్పుడు గలవు. కాలిఫోర్నియాలో కారెన్ పియర్స్ అను పరిశోధకురాలు 2011లో ప్రకటించిన పరీక్ష మిక్కిలి సులభమైనది. 14 నుండి 42 నెలల పసివారిని తల్లి యొడిలో కూర్చుండబెట్టి, ఒక్క నిమిషముపాటు తెర సగమున యోగాసనములు వేయుచు గంతులిడు పిల్లలను, రెండవ సగమున కదలుచు మారుచుండు రేఖాచిత్రములను చూపిరి. నూటికి 69 పాళ్ళకంటె ఎక్కువ సేపు రేఖలనే చూచిన పసివారందరును ఆ పరిశోధనలో ఆటిజము గలవారే. వినుటకు ఆశ్చర్యముగా నున్నది. అయితే ఆటిజము గలవారిలో అట్లు చూచినవారు ఐదింట నొకరు మాత్రమే. తక్కినవారు రేఖలను అంతసేపు చూడలేదు. ఉన్నవానిని ఉన్నదని చెప్పగలిగినను, లేదన్నచో నమ్మరాని సూచిక యది.

ఆమీ క్లిన్, వారెన్ జోన్స్ అను నిరువురు మరింత ముందునకు పోయి, తరువాత ఆటిజము గలవారని తేలిన శిశువులు రెండవ నెలలో అందరివలెనే కండ్లలోనికి చూచుచుండి, ఆరవ నెల వచ్చుసరికి ఆ చూపు క్రమముగా తగ్గిపోవుచున్నదని 2013లో చూపిరి. పుట్టుకతో లేనిది కాక, ఉన్నది జారిపోవుచున్నదన్న ఈ సంగతి వైద్యులకు గొప్ప ఆశను కలిగించెను. వీరి పరికరమునకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఏ. 2022లో అనుమతి నిచ్చినది. 16 నుండి 30 నెలల వయసుగల 475 మందిపై ఆరు కేంద్రములలో జరిపిన పరీక్ష ఫలితము 2023లో వచ్చెను: నిపుణులు ఆటిజము గలదన్న వారిలో నూటికి 71 మందిని యంత్రము పట్టుకొన్నది, లేదన్న వారిలో నూటికి 80.7 మందిని లేదనియే చెప్పినది. ఈ యంకెలు విని మన జిల్లాలోని ప్రతి అంగన్‌వాడీలో ఒక యంత్రము పెట్టిన బాగుండునని తోచుట సహజము. కాని లెక్క వేసి చూడుడు. వేయిమంది పసివారిలో ఆటిజము గలవారు పదిమంది యనుకొన్నచో యంత్రము ఏడుగురిని పట్టును. తక్కిన 990 మందిలో సుమారు 190 మందిని పొరబాటున పట్టును. ఏడుగురికొరకు 190 మంది తల్లులను నిద్రలేకుండ చేయవలసి వచ్చును. నిపుణుని కడకు ఇదివరకే అనుమానముతో వచ్చిన బిడ్డ విషయమున మంచి సహాయకారియైన యంత్రము, ఊరిలో జల్లెడగా పనికిరాదు. ప్రకటనలలో ఈ భేదమును చెప్పరు, చెప్పించుకొనవలసినది మనమే.

ఇక మెదడు. ముఖమును చూచినపుడు మనుష్యుని మెదడు వెనుక ప్రక్కభాగములందు, ముఖ్యముగా కుడివైపున, ఒక విద్యుత్తరంగము పుట్టును. ముఖము తెరమీద కనబడిన సుమారు 170 మిల్లీసెకండ్లకు, అనగా సెకండులో ఆరవ వంతునకు, అది క్రిందికి దిగి లోయయగును గనుక దానికి ఎన్170 అని పేరు. కుర్చీనో కారునో చూపినచో ఆ లోయ యంత లోతుగా నుండదు. 1996లో బెంటిన్ మున్నగువారు దానిని వర్ణించిరి. 2004లో జేమ్స్ మక్‌పార్ట్‌లాండ్ తన సహచరులతో గూడి, ఆటిజము గలవారిలో ఆ తరంగము కొంచెము ఆలస్యముగా వచ్చుచున్నదని చూపెను. ఆ కొలత తీయుట నిట్లు ఊహించుకొనుడు: ఆరేండ్ల బాలుని తలకు, ఉప్పునీటిలో తడిపిన స్పాంజి తునకలు 128 గల వలను టోపీవలె తొడుగుదురు, నీటిచుక్కలు చెవి ప్రక్కగా మెడమీదికి కారును, బాలుడు దానిని పీకివేయకుండ అమ్మ చేతులు పట్టుకొని కూర్చుండును. ఎదుట తెరపై ఒక ముఖము అరసెకండు మెరసి మాయమగును, మరల నొక ముఖము, తరువాత తలక్రిందులుగా నున్న ముఖము, తరువాత ఒక యిల్లు. నెత్తిమీద దొరకు సంకేతము వోల్టులో పదిలక్షల వంతుల లెక్కలోనిది. బాలుడు ఒక్కసారి రెప్ప వేసినచో దానికంటె ఎన్నో రెట్లు పెద్ద యల లేచును. అందుచే పదులకొలది ముఖములు చూపి, రెప్పలు పడిన వానిని, తల కదలిన వానిని తీసివేసి, మిగిలిన వాని సగటును తీసిన పిదప గాని ఆ చిన్న లోయ బయటపడదు. చర్మము తాకుటనే సహింపజాలని బిడ్డలు, నోట మాటలేని బిడ్డలు, అనగా ఎవరికి ఈ పరీక్ష ఎక్కువ అవసరమో వారు, ఈ వలకు తక్కువగా చిక్కుదురన్న సంగతి ఈ శాస్త్రమున నిత్యము వేధించు లోపము.

2015లో మక్‌పార్ట్‌లాండ్ నాయకత్వమున యేల్, డ్యూక్ విశ్వవిద్యాలయములు, బోస్టను, లాస్ ఏంజిలస్, సియాటిల్ నగరముల సంస్థలు కూటమిగా నేర్పడి, ఈ సూచికలను ఒక్కటొక్కటిగా కఠినముగా పరీక్షింప బూనుకొనెను. 6 నుండి 11 ఏండ్ల వయసు గల 280 మంది ఆటిజము గల పిల్లలను, 119 మంది ఇతర పిల్లలను తీసికొని, మొదటి దినమునను, ఆరు వారములకును, 24 వారములకును అవే పరీక్షలు జరిపిరి. కొత్త విషయమును కనుగొనుట వారి ప్రధానోద్దేశము గాదు. ఐదూళ్ళలో ఐదు జట్లు ఐదు యంత్రములతో కొలిచినను ఒక్క ఫలితమే వచ్చునా, నేడు కొలిచిన బిడ్డను నెలన్నరకు కొలిచినను అదే వచ్చునా యని తెలిసికొనుటయే. ఇట్టి నీరసమైన పని చేయుటకు కీర్తికాముకులు ముందుకు రారు. దీనిని తలకెత్తుకొన్నవారిని అందుకే మెచ్చుకొనవలెను. ఎన్170 ఆలస్యము ఆ పరీక్షకు నిలబడెను. ఎఫ్.డి.ఏ. 2019లో దానిని, 2020లో తెరమీది మనుష్యుల ముఖములను బిడ్డ ఎంత పాలు చూచునో కొలుచు చూపు సూచికను, తన అర్హతా పరిశీలనలోనికి స్వీకరించినది. ఆటిజమునకు సంబంధించి అంతవరకు ఏ సూచికయు ఆ గడప తొక్కియుండలేదు. స్వీకరించుట వేరు, అర్హమని తేల్చుట వేరు. ఇంకొకటి, ఆ సూచికలను ఆటిజము ఉన్నదా లేదా యని తేల్చుటకు గాక, ఆటిజము గలవారిలో ఒక విధమైనవారిని ఔషధ పరీక్షకు ఏరుకొనుటకు మాత్రమే ప్రతిపాదించిరి. ఎందుకనగా రెండు గుంపుల సగటుల నడుమ భేదము కొద్ది మిల్లీసెకండ్లే. గుంపులు చాలభాగము ఒకదానిపై నొకటి పడియుండును. ఒక్క బిడ్డ తరంగమును చూచి 'వీడు ఆటిజము గలవాడు' అని చెప్పగలవాడు లేడు.

ఇచ్చట విశ్వసనీయతకును సార్థకతకును గల భేదమును స్మరింపవలెను. చెరువు తూము కడ పాతిన కొలరాయి నీటిమట్టమును ప్రతిదినము తప్పక చెప్పును. ఎవరు చదివినను ఒక్కటే యంకె. కాని అడుగున పూడిక యెంత పేరుకొన్నదో, కాలువ చివరి మడి తడిసినదో లేదో ఆ రాయికి తెలియదు. ఎన్170 నమ్మదగిన కొలరాయియే. అది బిడ్డ జీవితములో ఏ మడిని తడుపుచున్నదన్నదే ప్రశ్న. దీనికి ఐరోపా వారి పరిశోధన కొంత జవాబు నిచ్చినది. బాల్యమునుండి యౌవనము వరకు గల వందలాది మందిని అనుసరించి చూచి, ల్యూక్ మేసన్ ప్రభృతులు 2022లో ప్రకటించినదేమనగా, ఆ తరంగము ఎక్కువ ఆలస్యమైన ఆటిజము గలవారిలో సుమారు ఏడాదిన్నర తరువాత సాంఘిక వ్యవహారపు మెరుగుదల తక్కువగా నున్నదని. కొలరాయికిని మడికిని నడుమ కాలువ యున్నదని తెలియుట చిన్న విషయము గాదు. కాని ఆ 'సాంఘిక వ్యవహారము'ను దేనితో కొలిచిరి? మరల తల్లిదండ్రులను అడిగియే.

మరియొక ప్రశ్న మన సీమవారికి మిక్కిలి ముఖ్యము. తెరమీద చూపిన ఆ ముఖములు ఎవరివి, ఆ చూపు మర్యాద ఏ దేశపుది? గ్లాస్గో విశ్వవిద్యాలయమున కరోలిన్ బ్లే, రేచల్ జాక్ మున్నగువారు 2008లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, పాశ్చాత్యులు ముఖమును చూచునపుడు కండ్లను, నోటిని త్రికోణముగా చూతురు. తూర్పు ఆసియావారు ముక్కు నడుమ చూపు నిలిపి ముఖమునంతటిని ఒక్కసారి గ్రహింతురు. ఇరువురును ముఖములను సమానముగానే గుర్తింతురు. మన పల్లెలలో పెద్దవాని యెదుట పిల్లవాడు, అందునను ఆడపిల్ల, కన్నెత్తి చూడకుండుట నేర్పిన వినయము. చూపు కొలుచు యంత్రమున 'సాధారణము' అను గీతను బోస్టను పిల్లలను చూచి గీచి, దానిని మన గుడిబండ పిల్లకు పెట్టినచో ఆ పిల్ల వినయము లోపముగా లెక్కకు రావచ్చును. లేదా దీనికి విపర్యయముగా, నిజముగా ఆటిజము గల పిల్ల 'మంచి పిల్ల, సిగ్గరి' అను పొగడ్త చాటున పదేండ్లు మరుగుపడిపోవచ్చును. ఈ రెండవది ఎక్కువగా జరుగుచున్నదని నా నమ్మకము.

కావున మన పిల్లలపై, మన యిండ్లలో కొలిచి చూడవలెను. అట్టి ప్రయత్నము ఒకటి ఢిల్లీలో జరిగినది. ఐ.ఐ.టి. బొంబాయి, సంగత్ స్వచ్ఛంద సంస్థ, ఎయిమ్స్ ఆసుపత్రి, ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు గూడి స్టార్ట్ అను టాబ్లెట్ ఆటల సముదాయమును నిర్మించిరి. వైద్యులు కానట్టి ఆరోగ్య కార్యకర్తలు ఇండ్లకే పోయి, 2 నుండి 7 ఏండ్ల పిల్లలు 131 మందిచేత తెరపై బుడగలు పగులగొట్టించి, రంగులు వేయించి, మనుష్యుల వీడియో కావలెనా తిరుగు బొమ్మ వీడియో కావలెనా యని మీటలు నొక్కించి, ముందు కెమెరాతో చూపును వ్రాసిరి. ఒక్క సూచికపై ఆధారపడక చూపు, చేతి కదలిక, ఇష్టము మూడింటిని కలిపి చూచుటయు, కొలుచు పనిని సామాన్య కార్యకర్త చేతికిచ్చుటయు నాకు ఈ ప్రయత్నమున నచ్చిన విషయములు. 2023లో ఫలితములు వెలువడినవి; తెలుగు, కన్నడ సీమలలోను దీనిని పరీక్షింపవలసియున్నది.

ఇంతవరకు చెప్పిన సూచికలన్నియు బిడ్డ తలలోనే లోపమును వెదకుచున్నవి. సాంఘిక వ్యవహారము ఒక్కని తలలో జరుగునది కాదు గదా! స్వయముగా ఆటిజము గల ఇంగ్లండు పండితుడు డేమియన్ మిల్టన్ 2012లో ఈ యాక్షేపణనే లేవనెత్తెను: ఆటిజము గలవాడు మనలను అర్థము చేసికొనజాలడన్నచో, మనము వానిని అర్థము చేసికొనగలిగితిమా? ఈ మాటను పరీక్షించుటకు కేథరిన్ క్రాంప్టన్ మున్నగువారు 72 మంది పెద్దవారిని ఎనిమిది మంది చొప్పున తొమ్మిది పంక్తులుగా నిలిపి, ఒక కథను మొదటివాడు రెండవవానికి, వాడు మూడవవానికి చెప్పునట్లు చేసిరి. అందరును ఆటిజము గలవారైన పంక్తిలో కథ, అందరును ఆటిజము లేనివారైన పంక్తిలో వలెనే చివరకు చేరెను. ఇరు విధములవారును కలిసిన పంక్తిలో త్వరగా చెదరిపోయెను. 2020లో వెలువడిన ఈ ఫలితము లోకమంతటను మ్రోగినది. వారే 2025లో 311 మందితో మరల చేసి చూడగా, మిశ్రమ పంక్తులలో ఆ లోటు కనబడలేదు. మూడు విధముల పంక్తులును సమానముగానే కథను చేరవేసినవి. తమ ప్రసిద్ధ ఫలితమును తామే పెద్ద పరీక్షకు నిలిపి, నిలువని భాగమును నిలువలేదని ప్రకటించిన ఆ పరిశోధకులకు నమస్కారము. రెండు పరీక్షలలోను చెక్కుచెదరనిది ఒకటి యున్నది: ఆటిజము గలవారు తమలో తాము సంగతులు చేరవేసికొనుటలో ఎవరికిని తీసిపోలేదు.

సాంఘిక వ్యవహారము ఒక్కని తలలో జరుగునది కాదన్నది నిజమైనచో, బిడ్డ మెదడుతోపాటు వాని బడిని, వాని వీధిని గూడ కొలువవలసి వచ్చును. మిల్లీసెకండ్లలో ఆలస్యముగా ముఖమును గుర్తించు బాలుడు, వానికి సమయమిచ్చు ఉపాధ్యాయుని తరగతిలో ఒక విధముగాను, బెత్తము గల తరగతిలో వేరొక విధముగాను మెలగును. తరంగము రెండుచోట్లను ఒక్కటియే. నా దృష్టిలో జీవసూచికలు ఔషధ పరీక్షలకు మేలైన పనిముట్లు; బిడ్డ బ్రతుకు మెరుగైనదా యని తేల్చుటకు మాత్రము, ఎంత మోటుగా నున్నను, తల్లిని, ఉపాధ్యాయుని, మాటలాడగలిగినచో ఆ బిడ్డనే అడుగు మాపనములను బాగుచేసికొనుటయే యుక్తము. 'కాలములో ఎన్ని పాళ్ళు' అని తల్లి జ్ఞాపకమును పీడించుటకు మారుగా, ఇంటిలో అన్నము తినునపుడు పది నిమిషముల వీడియో తీసి, ఇరువురు వేర్వేరుగా లెక్కించినచో ఆ పాత పత్రమే యెంతో నమ్మదగినదగును. దీనికి 128 స్పాంజి తునకలు అక్కరలేదు. నేడు ప్రతి యింటను ఉన్న ఫోను చాలును.

బాగేపల్లినుండి బెంగుళూరు నిమ్హాన్స్ ఆసుపత్రికి హైదరాబాదు రహదారిపై సుమారు నూరు కిలోమీటర్లు. ఒక దినపు కూలి పోగొట్టుకొని పోవు తల్లిదండ్రులు అచ్చట అడుగు మొదటి ప్రశ్న సూచికలను గూర్చి యుండదు, "మాటలు వస్తాయా సార్?" అని యుండును. వారికి ఈ వ్యాసము చివర చెప్పదగినవి కొన్నియే. ఇంటిలో తెలుగు మాటలాడుటచే ఆటిజము రాదు, ఉన్నది పెరుగదు. రెండు భాషల నడుమ పెరిగిన ఆటిజము గల పిల్లలు ఒక్క భాషలో పెరిగినవారికంటె వెనుకబడుటలేదని పెక్కు పరిశోధనలు చూపినవి. కావున బడి కొరకని అమ్మ తనకు సరిగా రాని కన్నడములో బిడ్డతో మాటలాడ నక్కరలేదు. ఏడాది నిండినను పేరు పెట్టి పిలిచిన తిరుగకున్నను, ఏడాదిన్నరకు వ్రేలితో దేనినైనను చూపకున్నను, వచ్చిన రెండు మాటలు పోయినను, మూడేండ్ల వరకు చూతమని కూర్చుండవలదు. మొదట చెవి పరీక్ష చేయింపుడు. వినబడని బిడ్డయు పిలిచిన పలుకడు. పిదప 2013 నుండి నడచుచున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీకి వచ్చు వైద్యబృందమునకు చూపి, జిల్లా ఆసుపత్రికి చీటీ వ్రాయించుకొనుడు. ఆ చీటీకి రుసుము లేదు.